నీడ బిల్లు

బస్టాపు అంటే ఏమిటో చట్టంలో స్పష్టంగా రాసి ఉందనీ, ఆ రాసిన దాంట్లో నీడ అన్న మాటే లేదనీ నీలంపేట ఎమ్మెల్యే బలగ సూరిబాబుకి చాలాకాలం తెలియదు. తెలియడానికి కారణం ఆయన వదిన దమయంతి.

ఈ భూమ్మీద సూరిబాబుకి భయమంటూ ఉంటే అది వదినంటేనే. చిన్నప్పుడు తల్లి పోతే అతన్ని పెంచింది ఆవిడ. ఊరంతా ఎమ్మెల్యేగారూ అని పిలుస్తుంటే ఆవిడ మాత్రం "ఒరే సూరీ" అంటుంది. పదిమంది ఉన్నచోట మరీ గట్టిగా అంటుంది. కారు పంపిస్తానంటే వద్దంటుంది. ఆ చల్లటి పెట్టెలో కూర్చుంటే కడుపులో తిప్పుతుందట. పెద్దాసుపత్రికి షుగరు మాత్రల కోసం వెళ్ళినా, కూతుర్ని చూడ్డానికి వెళ్ళినా ఆవిడకి బస్సే.

నీలంపేట జంక్షన్లో పూర్వం రేకుల కప్పున్న బస్టాపు ఒకటి ఉండేది. సూరిబాబు పార్టీ అయిన ప్రగతి పక్షం అధికారంలోకి వచ్చాక దాన్ని కూలగొట్టి అంతర్జాతీయ స్థాయి బస్టాపు కట్టించింది. స్టీలు స్తంభాలు, స్టీలు బల్ల, పైన గాజు కప్పు. గాజు దేనికంటే, కప్పు మీద అతికించిన పార్టీ అధ్యక్షుల వారి ఫొటో కింద నిలబడ్డ జనానికీ కనపడాలి, హెలికాప్టర్లో వచ్చినప్పుడు పైనుంచి అధ్యక్షుల వారికీ కనపడాలి. రిబ్బను కత్తిరించింది సూరిబాబే. ఆ కార్యక్రమం పొద్దుగూకాక జరిగింది కనక గాజు సంగతి ఆయనకి తట్టలేదు.

వేసవి వచ్చాక తట్టింది. రోహిణి కార్తెలో ఆ కప్పు కింద నిలబడ్డవాళ్ళకి తమని ఎవరో పెనం మీద తిరగేస్తున్నట్టు ఉండేది. నీడంటూ పడితే అధ్యక్షుల వారి మొహం మేరకే పడేది. ఆ మొహం కోసం ఆడవాళ్ళు వంతులు వేసుకునేవారు. ఒకరోజు దమయంతి వంతు రాకముందే బస్సు ఆలస్యమై, ఆవిడ స్టీలు బల్లకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

సూరిబాబు ఆసుపత్రికి పరిగెత్తేసరికి ఆవిడ సెలైన్ సీసా కేసి చూస్తూ పడుకుని ఉంది.

"ఎలాగుంది వొదినా?"

"నాకేటిరా, బాగానే ఉన్నాను. ఆ బస్టాపు కట్టినోడెవుడు?"

"గవర్నమెంటు వొదినా."

"గవర్నమెంటంటే నువ్వే గదేటి."

సూరిబాబు తల దించుకున్నాడు.

"ఓట్లప్పుడు నన్ను ఊరంతా తిప్పినావు. మా సూరిని గెలిపించండి, మీకు నీడగుంటాడు అని అడిగినాను. నీడేదిరా? అడిగినోళ్ళకి నానేటి సెప్పాల?" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రమే సూరిబాబు ఇంజనీరుని పిలిపించి, గాజు తీసేసి రేకులు వేయించమన్నాడు. ఇంజనీరు మంచివాడే, కానీ చట్టం చదివినవాడు.

"కుదరదు సార్. చట్టంలో బస్టాపు అనగా పేరుపలక, బల్ల, స్తంభములు కలిగి ప్రయాణికులు వేచియుండు చోటు అని ఉంది. నీడ లేదు సార్. లేనిది వేస్తే అదనపు నిర్మాణం కింద లెక్క. ఆడిట్ వాళ్ళు నన్ను ఎండగడతారు."

"జనాన్ని ఎండగట్టినా పర్వాలేదేటి?"

"దానికి ఆడిట్ అభ్యంతరం లేదు సార్."

అంటే చట్టం మార్చాలన్నమాట. చట్టాలు మార్చడానికే తనని ఎన్నుకున్నారన్న సంగతి సూరిబాబుకి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. గెలిచి నాలుగేళ్ళవుతున్నా ఆయన సభలో పలికింది ఒకే వాక్యం: "అధ్యక్షా, నా మైకు పనిచేయడం లేదు." మైకు పనిచేయనందువల్ల అది కూడా రికార్డులకెక్కలేదు. అలాంటి మనిషి ఆ రాత్రి కూర్చుని స్వయంగా ఒక బిల్లు రాశాడు. వదినకి చదివి వినిపిస్తే అర్థం కావాలని ఒక్క ముక్కలో రాశాడు.

"బస్టాపు అనగా నీడ ఉన్న చోటు."

*

ఆ ఏడాది శాసనసభకి ఒక కొత్త ఉత్సాహం పట్టుకుంది. దాని పేరు 'పోల్చి చూడు, ఓటు వెయ్యి'. వంకాయలు కొనేటప్పుడు కూడా నాలుగు బుట్టలు చూసే ఓటరు పార్టీలను మాత్రం పోల్చకుండా ఓటేస్తున్నాడని ఎవరో విదేశయాత్ర చేసొచ్చి చెప్పారు. వెంటనే తులనాత్మక విభాగం అని ఒకటి వెలిసింది. సభ వరండాలో గోడంత తెర పెట్టారు. ఎడమ గడిలో ప్రగతి పక్షం వైఖరి, కుడి గడిలో ప్రతిపక్షమైన పురోగతి పక్షం వైఖరి. కింద ఏ సభ్యుడు ఏ బిల్లు పెట్టాడో, అది అతని పార్టీ వైఖరితో ఎంత శాతం సరిపోలిందో కనిపిస్తుంది. ఇదే తెర ప్రతి నియోజకవర్గంలోనూ పెడతామన్నారు.

తెర వెలిగించిన తొలిరోజు చిన్న ఇబ్బంది వచ్చింది. తాగునీరు అన్న అంశానికి ఎడమ గడిలో 'ఇవ్వాలి', కుడి గడిలో 'ఇవ్వాలి' అని పడింది. రోడ్లకి 'వేయాలి', 'వేయాలి'. అవినీతికి 'ఉండరాదు', 'ఉండరాదు'. చూసిన విలేఖరులు నవ్వారు. రెండు పార్టీలకీ కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఒకరినొకరు అంతలేసి మాటలు అనుకున్నది దేనికని జనం అడిగితే ఏం చెప్పాలి? అందుకని రెండూ ఏకమై ఒక నియమం చేశాయి. రెండు గడుల్లో ఒకే మాట పడితే తెరని నడిపే యంత్రం ఒప్పుకోదు. యంత్రం ఒప్పుకోని అంశం సభలో చర్చకు రాదు. ఆ దెబ్బతో తాగునీటి ఎదుట ప్రగతి 'గొట్టం ద్వారా నీరు' అనీ, పురోగతి 'నీటి ద్వారా గొట్టం' అనీ రాయించాయి. రెండోదానికి అర్థమేమిటని ఎవరూ అడగలేదు. గడులు వేరుగా ఉన్నాయి, అంతే చాలు.

ఆ విభాగానికి అధిపతి పరాంకుశంగారు. ఆయన సూరిబాబుని ఎదుట కూర్చోబెట్టి, బిల్లు కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"మాన్యులు సమర్పించిన ప్రతిపాదనను కూలంకషంగా పరిశీలించడమైనది. ఇది సర్వజనామోదయోగ్యముగా ఉన్నది."

"థాంక్సండి" అన్నాడు సూరిబాబు.

"కావున తిరస్కరించడమైనది."

సూరిబాబు తను సరిగ్గా వినలేదనుకుని ముందుకు వంగాడు.

"తమరి పక్షం నీడ కావాలంటుంది. ప్రతిపక్షమూ నీడ కావాలంటుంది. ఇక భేదమెక్కడ? భేదం లేనిచోట ఎంపిక లేదు. ఎంపిక లేనిచోట ఓటు లేదు. ఓటు లేనిచోట తమరు లేరు, తమరు లేనిచోట మేము లేము. ఒక్క బస్టాపు కొరకు ఇంత శూన్యమును సృష్టించుట భావ్యమా?"

"మరి నన్నేటి చెయ్యమంటారు?"

"నీడను వ్యతిరేకించు వారిని వెదకి తెచ్చుకొనుడు" అని పరాంకుశంగారు కాగితం తిరిగి ఇచ్చేశారు.

*

నీడని వ్యతిరేకించేవాడు ఎక్కడ దొరుకుతాడు? సూరిబాబు ఆలోచిస్తూ శాసనసభ క్యాంటీన్‌కి వెళ్ళాడు. అక్కడ పురోగతి పక్షం విప్ ఓబులరెడ్డి మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. సీమ మనిషి. సభలో ఇద్దరూ ఎదురుబొదురు బల్లల వాళ్ళే గానీ, క్యాంటీన్లో మాత్రం ఎప్పుడూ ఒకే బల్ల. పోయినేడు ఓబులరెడ్డి తమ్ముడికి యాక్సిడెంటయితే ఆసుపత్రిలో రాత్రంతా కాపలా ఉన్నది సూరిబాబే.

"ఏం సూరన్నా, మొగం అట్ల పెట్టినావు?"

సూరిబాబు సంగతంతా చెప్పాడు. "నువ్వొక్క సాయం చెయ్యాల. నా బిల్లుని వ్యతిరేకించాల."

ఓబులరెడ్డి బజ్జీ కింద పెట్టాడు. "నీడని ఎట్ల వద్దంటానప్పా? మా పక్క ఎండకి బండలు పగుల్తాయి. నీడొద్దని నోట మాటొస్తే మా ఇంటిది నాకు సంగటి గూడ పెట్టదు."

"ఉత్తినే అను. చర్చకొస్తే చాలు. ఓట్లేసినప్పుడు అంతా ఒకటైపోదాం."

"మాట పడేది నేను గదా."

"మా వొదిన సెలైన్ మీదుంది ఓబులన్నా."

ఓబులరెడ్డి లేచి, చేయి కడుక్కుని, వరండాలోకి వెళ్ళి, పరాంకుశంగారి గుమాస్తాతో తన పార్టీ గడిలో ఒక్క మాట రాయించాడు: 'ఎండ'. యంత్రం ఒప్పుకుంది. బిల్లుకి నంబరు పడింది. స్నేహితులిద్దరూ ఇంకో ప్లేటు బజ్జీలు తెప్పించుకున్నారు.

తెల్లారేసరికి ఆ ఒక్క మాటకి పురోగతి పక్షం ప్రచార విభాగం ఒక పుస్తకమే రాసేసింది.

ఎండ ప్రకృతి మనకిచ్చిన తొలి సంక్షేమ పథకమనీ, అర్హుడా అనర్హుడా అని చూడకుండా అందరికీ అందే పథకం అదొక్కటేననీ అందులో రాశారు. వడియాలు ఎండలో పెట్టకుండా ఎవరైనా తిన్నారా అని అడిగారు. నీడ అనేది సోమరుల కోరిక అన్నారు. ఎముకల డాక్టరొకాయన టీవీలో కూర్చుని, ఎండ తగలని జాతి నిటారుగా నిలబడలేదని చెప్పాడు. దానికి ప్రగతి పక్షం ఊరుకుంటుందా? కడుపులోని బిడ్డ నీడలోనే పెరుగుతుంది కనక నీడని నిందించడం మాతృత్వాన్ని నిందించడమేనని ఖండించింది.

వారం తిరక్కుండా రాష్ట్రం రెండుగా చీలింది. గొడుగేసుకున్నవాడు ప్రగతి, ఉట్టి తలతో నడిచేవాడు పురోగతి. టీకొట్ల దగ్గర జనం వీధికి అటొకరు, ఇటొకరు నిలబడుతున్నారు. మధ్యాహ్నం దాటి నీడ అటు జరిగితే, పాపం ఇద్దరూ చోటు మార్చుకోవాల్సి వచ్చేది. నీలంపేటలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి వాళ్ళు ప్రగతి, పెళ్ళికొడుకు వాళ్ళు పురోగతి. పందిరి వేస్తే మగపెళ్ళివారు లేచిపోతామన్నారు, వేయకపోతే ఆడపెళ్ళివారు పిల్లనివ్వమన్నారు. చివరికి పెద్దలు కూర్చుని సగం పందిరి వేయించారు. పెళ్ళికూతురు నీడలో, పెళ్ళికొడుకు ఎండలో. బ్రహ్మముడి వేసే వేళకి పెళ్ళికొడుకు సొమ్మసిల్లి నీడలోకి పడ్డాడు. పార్టీ ఫిరాయించాడని వాళ్ళ మేనమామ అక్కడే కేకలేశాడు.

అన్నిటికంటే ఇరుక్కున్నది ఓబులరెడ్డి. ఎండ మాట మొదట పలికినవాడు కనక పార్టీ ఆయన్ని 'ఎండ యాత్ర'కి నాయకుణ్ణి చేసింది. చొక్కా లేకుండా నడవాలి. దారిలో ఒకరోజు ఆయన సూరిబాబుకి ఫోన్ చేశాడు.

"సూరన్నా, నీ బిల్లు పుణ్యాన నా ఈపు మీద దోసెలు పోసుకోవచ్చు."

"నన్ను క్షమించు ఓబులన్నా. ఇంత అవుద్దనుకోలేదు."

"నిన్నేమీ అనలే. మీ వొదిన ఎట్లుంది?"

"లేచింది. మళ్ళీ అదే బస్టాపులో నిలబడతాంది. తడి తువ్వాలు నెత్తినేసుకుని."

"సరే పో. ఇంగో రెండూర్లు నడిస్తే అయిపోతాది" అని ఓబులరెడ్డి ఫోన్ పెట్టేశాడు. ఆ నడిచే మనిషి గొంతులో ఆయాసం సూరిబాబుకి చాలాసేపు చెవిలో ఉండిపోయింది.

*

ఇంతలో బిల్లుని సభాసంఘానికి పంపారు. నీడ అంటే ఏమిటో ముందు తేలాలన్నారు. తేల్చేలోగా వేసవి పోయింది, వానలు వచ్చాయి. సంఘం ముందుకొచ్చిన మొదటి ప్రశ్న: మబ్బు పట్టినప్పుడు పడే నీడ కేంద్రానిదా, రాష్ట్రానిదా? మబ్బు రాష్ట్రాల సరిహద్దు దాటుతుంది కనక కేంద్రానిదేనని కొందరు, పడిన చోటు రాష్ట్రానిది కనక రాష్ట్రానిదేనని కొందరు వాదించారు. ఒక మనిషి నీడ ఇంకో మనిషి మీద పడితే అది బస్టాపు అవుతుందా అని ఇంకొకరు అడిగారు. సంఘం చివరకు ఇచ్చిన నివేదికలో ఒక గొప్ప సంగతి బయటపడింది. రాత్రి అనేది భూమి నీడే కనక, రాష్ట్రంలోని బస్టాపులన్నిటికీ ఇప్పటికే రోజులో సగం సేపు ప్రభుత్వం నీడ కల్పిస్తున్నట్టే లెక్క. మిగతా సగాన్ని దశలవారీగా పరిశీలించవచ్చు.

సూరిబాబు ప్రతి సమావేశానికీ వెళ్ళాడు. ప్రతిసారీ ఒకే మాట చెప్పాడు: "అయ్యా, రేకులు. మీకు తెలీదేటి, రేకులు." నిపుణులు ఆయన కేసి జాలిగా చూసేవారు. రేకు సాంకేతిక పదం కాదట.

చర్చకి తేదీ దొరికేసరికి చలికాలం వచ్చింది. అప్పుడే ప్రగతి పక్షం ఒక రహస్య సర్వే చేయించింది. మీకు ఎండ ఇష్టమా, నీడ ఇష్టమా అని ఇల్లిల్లూ తిరిగి అడిగారు. మార్గశిర మాసంలో, తెల్లవారి మంచు ఇంకా విడవకముందే తలుపు కొట్టి అడిగారు. దుప్పట్లు కప్పుకుని తలుపు తీసిన జనంలో నూటికి ఎనభైమంది ఎండే కావాలన్నారు.

మరునాడు పార్టీ అధ్యక్షుల వారు ప్రకటన చేశారు. ప్రగతి పక్షం ఆది నుంచీ ఎండ పక్షమేననీ, నీడ ప్రస్తావన ఏదో కిందిస్థాయిలో జరిగిన పొరపాటనీ చెప్పారు. ఇప్పుడు తెర మీద రెండు గడుల్లోనూ 'ఎండ' అని పడింది. యంత్రం ఎర్రగా మెరిసి మొరాయించింది. పరాంకుశంగారు పురోగతి పక్షానికి శ్రీముఖం పంపారు: "తమరి వైఖరి అధికార పక్షము యొక్క వైఖరితో కలుషితమైనందున తక్షణమే శుద్ధి చేసికొనవలయును." సాయంత్రానికల్లా పురోగతి పక్షం నీడలోకి మారింది. వీపు ఇంకా పొలుసులు ఊడుతున్న ఓబులరెడ్డిని 'నీడ పరిరక్షణ సమితి'కి అధ్యక్షుణ్ణి చేశారు.

ఆ మర్నాడే సూరిబాబుకి నోటీసు వచ్చింది.

"మాన్యుల బిల్లు స్వీయ పక్ష వైఖరితో సున్న శాతము, ప్రతిపక్ష వైఖరితో నూరు శాతము సరిపోలుచున్నది. కావున మాన్యులు శరీరముతో అధికార పక్షమునందును, శాసనముతో ప్రతిపక్షమునందును ఉన్నట్లు తేలుచున్నది. ఇట్టి స్థితి ఫిరాయింపు కాదని మాన్యులు నిరూపించుకొననిచో సభ్యత్వము రద్దగును."

సూరిబాబు నోటీసు పట్టుకుని పార్టీ ప్రధాన కార్యదర్శి జలంధరరావు దగ్గరికి పరిగెత్తాడు. జలంధరరావు నోటీసు చదివి, నవ్వి, కుర్చీ చూపించాడు.

"బిల్లు వెనక్కి తీసుకోండి సూరిబాబుగారూ. అయిపోయె."

"నేను కదల్లేదు కదండీ. నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను. పార్టీయే అటు పోయింది."

"పార్టీ ఎక్కడికీ పోదండి. పార్టీ ఉన్నచోటే అసలు చోటు. మీరే వెనకబడ్డారు." జలంధరరావు గొంతు తగ్గించాడు. "వచ్చే ఎన్నికల్లో టికెట్టు సంగతి కూడా చూసుకోండి మరి."

సూరిబాబు ఆ రాత్రి బండికే ఊరెళ్ళిపోయాడు. పొద్దున్నే వదిన ఇంటి అరుగు మీద కూర్చుంటే, దమయంతి చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చింది. తింటూ అంతా చెప్పాడు. బిల్లు వదిలేస్తే పదవి ఉంటుంది, పట్టుకుంటే పోతుంది.

దమయంతి అంతా విని, "ఇంకో ఉల్లిపాయ ఎయ్యనా?" అంది.

"వొదినా, ఏటి చెయ్యమంటావో చెప్పు."

"నానేటి సెప్తాను. ఎమ్మెల్యేవి నువ్వు. పదవి పోతే ఇంటికొచ్చీ. నీకు అన్నం ఎప్పుడూ నానే ఎట్టినాను, గవర్నమెంటు ఎట్టలేదు." కంచం తీసుకుని లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "గానీ ఒరే, మాటిచ్చి ఎనక్కి తీసుకున్నోడివని మాత్రం నాకు ఇనిపించకు."

*

శివరాత్రి దాటాక వచ్చిన చర్చ రోజున సూరిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రాజీనామా కాగితం పెట్టుకుని సభకి వెళ్ళాడు. స్పీకరు ఆయన పేరు పిలిచారు. లేచాడు. ఆరోజు మైకు పనిచేసింది.

"అధ్యక్షా, నాకు ఉపన్యాసాలు రావు. మా వొదిన బస్సు కోసం నిలబడి ఎండకి పడిపోయింది. అదే బస్టాపుకి నేనే రిబ్బను కత్తిరించాను. పైన గాజు ఉందని చూసుకోలేదు. మా వొదిన ఓట్లడిగినప్పుడు మా సూరి నీడగుంటాడని చెప్పిందంట. నాకు ఎండ పార్టీ తెలీదు, నీడ పార్టీ తెలీదు. పడిపోయిన ముసలమ్మని లేపినోడు ఏ పార్టీ అని ఆవిడ అడగలేదు. రేకులు వేయించండి అధ్యక్షా. నన్ను తీసేస్తే తీసేయండి."

కూర్చున్నాడు. ప్రతి సభ్యుడికీ ఎక్కడో ఒక బస్టాపు, అక్కడ నిలబడ్డ తల్లో అక్కో గుర్తొచ్చినట్టుంది. ప్రతిపక్షంలోంచి ఓబులరెడ్డి బల్ల చరిచాడు. దాని వెంట అధికార పక్షంలో ఒకరు చరిచారు. తర్వాత అటూ ఇటూ అందరూ చరిచారు. ప్రగతి మంత్రి ఒకాయన కళ్ళు తుడుచుకోవడం టీవీలో కూడా కనపడింది.

వరండాలో తెర ఎర్రబారింది. రెండు గడుల్లోనూ ఒకే మాట పడబోతోంది. పరాంకుశంగారు కండువా జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చి స్పీకరు చేతిలో ఒక చీటీ పెట్టారు. స్పీకరు చదివి గొంతు సవరించుకున్నారు.

"సభలో ఏకాభిప్రాయం ఏర్పడే ప్రమాదం కనిపిస్తున్నందున, తులనాత్మక విభాగం వారు సూచించిన ఒక స్వల్ప సవరణను సభ ముందుంచుతున్నాను. బస్టాపు అనగా నీడ ఉన్నట్టి లేదా లేనట్టి చోటు."

సూరిబాబుకి ఆ వాక్యం బుర్రకెక్కేలోగానే ఓటింగ్ అయిపోయింది. 'ఉన్నట్టి' అన్న మాటకి పురోగతి పక్షం ఓటేసింది, 'లేనట్టి' అన్న మాటకి ప్రగతి పక్షం ఓటేసింది. రెండు గడులూ వేరువేరుగా వెలిగాయి. తెర పచ్చబడింది. సూరిబాబు లేచి వద్దు వద్దంటున్నాడు గానీ, అది వినయం వల్ల అంటున్నాడనుకుని సభ్యులు ఇంకా గట్టిగా బల్లలు చరిచారు. బిల్లు సగం సొంత పార్టీ వైఖరితో సరిపోలింది కనక నోటీసు కూడా రద్దయింది. జేబులో రాజీనామా జేబులోనే ఉండిపోయింది. ఓబులరెడ్డి మాత్రం బల్ల చరచకుండా తలపట్టుకుని కూర్చున్నాడు.

పరాంకుశంగారు బయట ఎదురుపడి సూరిబాబు చెయ్యి పట్టుకున్నారు. "ధన్యులు. ఏ బస్టాపూ ఎన్నడును ఉల్లంఘింపజాలని చట్టమును తమరు దేశమునకు ప్రసాదించితిరి."

*

ఊరికి వచ్చేసరికి దమయంతి అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"సట్టం అయిపోనాదంట గదా. టీవీలో సూపించినారు. నీడ పడిందేటి?"

"సట్టం పడింది వొదినా."

"సట్టం కింద నిలబడితే ఎండ తగల్దేటి?"

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అలా అడగకపోవడమే ఆయనకి రాత్రంతా గుచ్చుకుంది. చట్టం వచ్చాక ఇంజనీరు ఏమంటాడో కూడా తెలుసు: లేనట్టిది ఇప్పటికే ఉంది కదా సార్, ఉన్నట్టిది ఎందుకు?

మర్నాడు పొద్దున్న మనసు నిలవక జంక్షన్‌కి నడిచి వెళ్ళాడు. చలికాలం వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులు. బస్టాపుకి తూర్పువైపు ప్రగతి పక్షం కార్యకర్తలు రాత్రికి రాత్రి ఒక ఫ్లెక్సీ కట్టారు. రెండంతస్తుల ఎత్తు. దాని నిండా చేతులు జోడించిన సూరిబాబు, కింద 'శాసన భాస్కరునికి శతకోటి వందనాలు' అన్న అక్షరాలు. ఆ ఫ్లెక్సీ నీడ పొడుగ్గా వచ్చి బస్టాపు మీద పడుతోంది. ఆ నీడలో కూరగాయల బుట్టలు పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో దమయంతి. నెత్తిన తడి తువ్వాలు లేదు.

మరిదిని చూసి ఆవిడ, "ఒరే సూరీ, నీ బొమ్మ పెద్దది ఏసినారు, మంచిపని సేసినారు" అంది. "తలకాయ ఇంకాస్త ఎడల్పుంటే ఆ సివరున్న పిల్లకి కూడా ఎండ తగల్దు."

ఆడవాళ్ళు నవ్వారు. సూరిబాబు కూడా నవ్వాడు గానీ అక్కడ్నించి కదల్లేదు. సోడాకొట్టు దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పొద్దు ఎక్కుతున్నకొద్దీ ఆయన బొమ్మ నీడ ముడుచుకుంటూ ముడుచుకుంటూ పోయి ఫ్లెక్సీ కాళ్ళ దగ్గరకి చేరింది. మధ్యాహ్నం తిరిగాక అది అవతలికి, రోడ్డు మీదకి వాలిపోయింది. పడమటి ఎండ నేరుగా బస్టాపులోకి దూసుకొచ్చింది. మూడు గంటల బస్సు కోసం వచ్చినవాళ్ళు కొంగులు నెత్తిన వేసుకుని నిలబడ్డారు.

సూరిబాబు ఫోన్ తీశాడు.

"ఓబులన్నా, నువ్వింకో సాయం చెయ్యాల. నామీద ఒక ఫ్లెక్సీ కట్టించాల."

"పొగుడుతానా? మా పార్టీ ఊరుకోదప్పా."

"తిట్టాల."

"ఏమని తిట్టాల?"

"నీ ఇష్టం. ద్రోహి అను, దొంగ అను. బస్టాపుకి పడమటేపు కట్టించు."

ఓబులరెడ్డికి అర్థమైంది. ఆయన గొంతులో నవ్వు వినిపించింది. "ఎంత సైజు ఉండాల సూరన్నా?"

"ఎంత కోపముంటే అంత."

పురోగతి పక్షానికి చాలా కోపం ఉన్నట్టుంది. రెండు రోజుల్లో పడమటివైపు, తూర్పుదాని కంటే ఎత్తుగా, వెడల్పుగా ఫ్లెక్సీ లేచింది. సూరిబాబు బొమ్మకి చేతిలో గొడుగు పెట్టి, 'ఏ ఎండకా గొడుగు పట్టే సూరిబాబూ, సిగ్గు సిగ్గు' అని ఎర్ర అక్షరాలతో రాశారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి దాని నీడ బస్టాపంతా కమ్ముకుని సోడాకొట్టు దాకా పాకింది.

మున్సిపల్ కమిషనరు కంగారుగా ఫోన్ చేశాడు. "సార్, ఎవరో మిమ్మల్ని నానా మాటలూ అంటూ జంక్షన్లో కట్టారు. ఇప్పుడే పీకించేస్తాను సార్."

"ఒక్క తాడు ఊడినా నీ ఉద్యోగం ఊడుద్ది" అన్నాడు సూరిబాబు. ఎమ్మెల్యే అయ్యాక అధికారం చూపించడం ఆయనకి అదే మొదటిసారి.

మూడు గంటల బస్సుకి వచ్చిన దమయంతి ఆ నీడలో సంచి దింపుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడకి చదువు రాదు. పక్కనున్న కాలేజీ పిల్లని ఏటి రాసినారమ్మా అని అడిగింది. ఆ పిల్ల మొహమాటపడుతూ చదివి వినిపించింది. దమయంతి తల పైకెత్తి ఆ ఎర్ర అక్షరాల కేసి చాలాసేపు చూసింది.

"ఆ తిట్టినోడెవుడో గానీ, నూరేళ్ళు బతకాల" అంది.